జపాన్ ఇంజినీరు ‘యెస్’ అంటే..?

‘డ్రాయింగ్ ఇంకా రాలేదా?’ అనే అర్థంలో ‘హ్యాజ్‌న్ట్ ద డ్రాయింగ్ కమ్ యెట్?’ అని మీరు అడిగారు. జపాన్ ఇంజినీరు ‘యెస్’ అన్నారు. వచ్చిందనుకుని పని మొదలుపెడితే షిఫ్టంతా వృథా! ఆయన చెప్పింది ‘అవును, రాలేదు’ అని.

నవ్వుకునే ముందు మన సంగతి చూడండి. ‘రాలేదా?’ అంటే మనమూ ‘అవునండీ, రాలేదు’ అనేవాళ్లమే. ఇంగ్లిష్‌లో మాత్రం రాకపోతే ‘నో, ఇట్ హ్యాజ్‌న్ట్’ అనాలి. అందుకే అసలు ‘నాట్’ లేకుండా అడగండి: ‘హ్యాజ్ ద డ్రాయింగ్ కమ్?’ గొడవే ఉండదు.

విశాఖకూ జపాన్‌కూ బంధం పాతదే. బైలదిల్లా ఇనుప ఖనిజం ఎగుమతికి 1960లో ఒప్పందం కుదిరాక, కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా మన పోర్టుకు వచ్చిన సరుకు అక్కడి ఉక్కు మిల్లులకు వెళ్లింది. 2022లో అచ్యుతాపురంలో యొకొహామా గ్రూపు టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఇలాంటి చోట ఉద్యోగమంటే, ఇంగ్లిష్ ఇద్దరికీ సొంత భాష కాని సంభాషణలకు సిద్ధపడాలి.

మనకో అనుకూలత ఉంది. ‘వైజాగ్ నుంచి వచ్చాను’ను జపనీస్‌లో ‘వైజాగ్ కరా కిమాషిత’ అంటారు. ‘కరా’ అంటే ‘నుంచి’, క్రియ చివర్లో. ‘వచ్చారా?’లో మన ‘ఆ’ లాగే వాళ్లకు చివర్లో ‘కా’ వస్తుంది. ‘ఎ’, ‘ద’ వాళ్ల భాషలోనూ లేవు, కాబట్టి ఆ తప్పులు ఇద్దరివీ ఒకటే. బస్‌ను మనం ‘బస్సు’ చేస్తే వాళ్లు ‘బసు’ చేశారు! ‘ల’, ‘ర’ల తేడా మాత్రం వాళ్లకు కష్టం. ‘లైట్’, ‘రైట్’ ఒకేలా వినిపిస్తే ‘లైట్, ద ల్యాంప్?’ అని మర్యాదగా అడగండి. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ దగ్గరా అంతే. ‘వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?’ అంటూ కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మేలు.

మీరు మాట్లాడుతుంటే ‘హై, హై’ అంటున్నారా? ఒప్పుకున్నట్టు కాదు. కథ వింటూ మనం ‘ఊఁ’ కొడతామే, అదీ. ‘ఇట్ ఈజ్ ఎ లిటిల్ డిఫికల్ట్’ అంటే చాలాసార్లు ‘కుదరదు’ అనే అర్థం. మన పెద్దవాళ్ల ‘చూద్దాంలెండి’ గుర్తొస్తే చాలు. పేరు చివర ‘సాన్’ చేర్చడం మన ‘గారు’ లాంటిదే. మనకు మనం ‘గారు’ తగిలించుకోం కదా, ‘సాన్’ కూడా అంతే. ఇంటర్వ్యూలో కొందరు ఇక్కడే దొరికిపోతారు.

ఇక జపనీస్ కూడా నేర్చుకుంటామంటే జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 తొలి మెట్టు, ఎన్1 చివరిది. జపాన్‌లో నైపుణ్య ఉద్యోగాలకిచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాపై మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం జరిగింది. దానికి భాషలో సాధారణంగా ఎన్4 గానీ జేఎఫ్‌టీ-బేసిక్ గానీ ఉండాలి, నైపుణ్య పరీక్ష వేరే.