చౌక వైను మచ్చులో తేలే ఎస్టేటు పరపతి

మచిలీపట్నం: గుడివాడలో బియ్యం కొనే వర్తకుడు బస్తాకు గుచ్చి మచ్చు తీస్తాడు. అరచేత నలిపి, వాసన చూసి, గింజ కొరికిన తరువాతనే ధర మాట్లాడతాడు. ఇటలీ వైను బేరమూ ఇంతే. పాత ఎస్టేటు పనితనం తెలియాలంటే దాని ఖరీదైన సీసా కన్న చౌక రకం ఎర్ర వైనును ముందుగా రుచి చూడడం మేలు.

టస్కనీలోని మొంతాల్చీనో ఇందుకు ఉదాహరణ. బియొందీ శాంతి కుటుంబపు గ్రెప్పో ఎస్టేటులో 1888 పంటతో తీసిన బ్రునెల్లో నేటికీ ప్రసిద్ధం. అక్కడి చౌక రకం రొస్సో. దీనికి 1983లో ప్రత్యేక గుర్తింపు లభించింది. రెంటికీ సాంజొవేజె ద్రాక్షే. ప్రధానమైన తేడా నిల్వలో. బ్రునెల్లో కనీసం 2 సంవత్సరాలు కొయ్య పీపాలలో ఉండాలి. 2020 పంట రొస్సో 2021 సెప్టెంబరు 1 నుంచి అమ్మకానికి అర్హం కాగా, అదే పంట బ్రునెల్లో 2025 జనవరి 1 దాకా ఆగవలసి వచ్చింది. నడుమ 40 నెలలు. రూపాయి వడ్డీ వేసుకున్నా నూటికి 40 రూపాయల భారం.

పాత బియ్యం నిల్వదారులకు ఈ లెక్క కొత్త కాదు. వడ్డీ, గోదాము అద్దె, తరుగు, పురుగు, తుఫాను భయం పోను మిగిలినదే లాభం. దివిసీమ రైతుకు వరి తరువాతి మినుము రొక్కం తెచ్చినట్లే, బ్రునెల్లో మాగేలోగా రొస్సో ఎస్టేటు ఖర్చులకు ఆదుకుంటుంది.

రుచి చూసేవారు గ్లాసులో కొద్దిగా పోసి తెల్ల కాగితం ముందు రంగు పరిశీలిస్తారు. సాంజొవేజె వైను సాధారణంగా కెంపు రంగులో తేటగా ఉంటుంది. గ్లాసు తిప్పితే చెర్రీ పండు వాసన రావాలి. తడిసిన అట్ట వాసన గాని, సిర్కా ఘాటు గాని తగిలితే ఆ సీసా పనికిరాదు. నోట పులుపు, వగరు సరితూగాలి. వరుసగా అనేక మచ్చులు చూసేవారు మింగక ఉమ్మివేస్తారు.

ఏళ్ల తరబడి పీపాలో మాగితే వగరు మెత్తబడుతుంది. రొస్సోకు అంత వ్యవధి లేదు గనుక పండులోని లోపం త్వరగా బయటపడుతుంది. మేలు రసమంతా బ్రునెల్లోకు మళ్లించి, నాసిరకాన్ని రొస్సోలోకి తోసే ఎస్టేటు ఇక్కడే దొరికిపోతుంది. పంట బాగాలేని ఏట బ్రునెల్లో తోటల రసాన్ని సైతం రొస్సోగానే అమ్మి, ఎక్కువ ధర వదులుకునే ఎస్టేటుకు పరపతి నిలుస్తుంది.

చౌక రకం మచ్చు నచ్చని చోట ఖరీదైన రకానికి బయానా ఇవ్వకపోవడమే క్షేమం.