విరుగుడు పేరు మోసిన రాయి

హైదరాబాదులో విషాన్ని జహర్ అనడం మనం వింటూనే ఉంటాం. ఆ పారశీక పదమే వైద్యపుస్తకాల్లోని 'బెజోర్' అన్న మాటలోనూ ఉంది. 'పాద్' అంటే కాచేది, 'జహ్ర్' అంటే విషం. పాద్‌జహ్ర్ అంటే విషం నుంచి కాచేది, విరుగుడు. అరబ్బీలో పకారం లేదు కనుక అక్కడ 'బాజహ్ర్' అయింది. యూరపు చేరి బెజోర్‌గా నిలిచింది.

కాలక్రమంలో ఈ పేరు ఒక రాయికి స్థిరపడిపోయింది. మేకల్లాంటి నెమరువేసే జంతువుల పొట్టలో వెంట్రుకో గింజో అరగక మిగిలితే, దాని చుట్టూ లవణాలు పొరలు పొరలుగా పేరుకుని నున్నటి గుండు తయారవుతుంది. దాన్ని అరగదీసి తాగితే ఎలాంటి విషమైనా దిగుతుందని రాజులు సైతం నమ్మారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, గోల్కొండ రాజ్యంలోని ఒక ప్రాంతపు మేకల్లో ఈ రాళ్లు దొరుకుతాయని రాశాడు. మేక పొట్ట తడిమి, లోపల ఎన్ని రాళ్లున్నాయో అక్కడివాళ్లు చెప్పేవారట.

అంతకుముందే ఫ్రాన్సులో దీనికి పరీక్ష జరిగింది. రాజు తొమ్మిదో చార్లెస్ దగ్గర ఒక బెజోర్ ఉండేది. అన్ని విషాలకూ ఒకటే మందు ఉండదని శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే వాదించాడు. వెండి పళ్లేలు దొంగిలించి ఉరిశిక్ష పడ్డ ఒక వంటవాడు, బతికితే వదిలేస్తామంటే విషం తాగడానికి ఒప్పుకున్నాడు. పాదరసపు విషం ఇచ్చి, వెంటనే రాయి పొడి పట్టించారు. కడుపు కాలిపోతోందని అరుస్తూ కొన్ని గంటల్లో ప్రాణం విడిచాడు. అలాంటి పరీక్ష ఇవాళ ఎవరూ క్షమించరు. పారే మాట మాత్రం నిజం.

ఎందుకంటే ఒక్కో విషం శరీరంలో ఒక్కో చోట దెబ్బకొడుతుంది. బెజోర్‌లోని ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను కొంత పట్టుకోగలదని రసాయన శాస్త్రవేత్తలు అన్నారు. అంతమాత్రాన అది పాదరసాన్నో పాము విషాన్నో ఆపదు. పొలాల్లో వాడే ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు నరాల సంకేతాలను ఆగనివ్వవు, వాటికి అట్రోపిన్ కావాలి. పాముకాటుకు యాంటీవీనమ్ కావాలి. ఇప్పుడు వైద్యులు బెజోర్ అనేది మందును కాదు, మనిషి పొట్టలో వెంట్రుకలో పీచో ఉండకట్టిన ముద్దను.

ఇలాంటి నమ్మకంతోనే మన పల్లెల్లో పాముకాటు మీద నల్లరాయి అంటించే అలవాటు ఇంకా పోలేదు. దయచేసి ఆ రాయి కోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి. కాటు పడిన చేయో కాలో కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుగుమందు తాగినవారైతే ఆ డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి.