చొక్కా మీద చదువుల ముద్ర

అమెరికాలో బిడ్డ చదువుకుంటున్న ఇల్లు ఏదో వీధిలోవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పొద్దున్నే నడకకు బయల్దేరిన తండ్రి ఒంటిమీద ముదురు నారింజ రంగు టీషర్టు, దాని మీద పొడుగు కొమ్ముల ఎద్దు తల. వంటింట్లో తల్లి టీ పోసుకునే కప్పు మీద యూనివర్సిటీ పేరు. వాకిట్లో స్కూటరుకు అదే స్టిక్కరు. ఖమ్మమైనా, గుంటూరైనా, కరీంనగరైనా ఇదే వరస. ఆ నాలుగు అక్షరాల వెనక పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఉంటుంది, వీసా ఇంటర్వ్యూకు ముందు రాత్రి పట్టని నిద్ర ఉంటుంది. అందుకే రంగు వెలిసినా ఆ చొక్కా గుడ్డపేలిక కాదు.

ఆ మమకారాన్ని అమ్ముకునే హక్కు ఎవరిది? చొక్కా అచ్చువేసిన కంపెనీదా, పేరు సంపాదించిన యూనివర్సిటీదా? అమెరికా కోర్టులు నలభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నను తిరగేస్తూనే ఉన్నాయి. అక్కడ యూనివర్సిటీలు తమ పేరును, లోగోను, రంగులను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేసుకుని లైసెన్సులిస్తాయి, రాయల్టీ తీసుకుంటాయి. పైకి ఇది ఉత్త వ్యాపారం. కానీ ఆ లైసెన్సు కాగితమే పట్టుకుని, చొక్కా కుట్టిన చేతుల దాకా వెళ్లిన విద్యార్థులున్నారు. చెప్పుకోవలసిన కథ వాళ్లది.

ఎవరూ అడగని రోజులు

ఒకప్పుడు ఈ గొడవే లేదు. చాంపియన్ అనే దుస్తుల కంపెనీ 1936 నుంచి పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పేరుతో స్వెట్టర్లు, చొక్కాలు అమ్మింది. అనుమతి ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. పేరు ఊరంతా కనిపిస్తే మంచిదే కదా అని యూనివర్సిటీలు ఊరుకున్నాయి.

1973లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ తన పేరు వాడుకోవడానికి ఒక గడియారాల తయారీదారుకు లైసెన్సు ఇచ్చింది. ఈ వ్యాపారానికి అదే తొలి అడుగని చెబుతారు. అసలు ఊపు 1981లో వచ్చింది. టెనెసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా చేసిన బిల్ బాటిల్, కాలేజియేట్ లైసెన్సింగ్ కంపెనీని మొదలుపెట్టారు. అలబామా కోచ్ బేర్ బ్రయంట్ పేరుకు లైసెన్సులు చూసే పనితో మొదలై, అలబామా యూనివర్సిటీనే తొలి ఖాతాదారుగా తెచ్చుకున్నారు. ఒక్కో యూనివర్సిటీ విడిగా దుకాణాల వెంట పడటం కుదరదు కాబట్టి, అందరి తరఫునా ఒకే సంస్థ ఒప్పందాలు కుదిర్చి, లెక్కలు తీసి, నకిలీలను పట్టుకోవాలన్నది ఆయన ఆలోచన. ఒకటొకటిగా పెద్ద యూనివర్సిటీలన్నీ ఆ గొడుగు కిందికి చేరాయి.

అప్పుడు పిట్స్‌బర్గ్‌కూ మెలకువ వచ్చింది. చాంపియన్ మీద కేసు వేసింది. ఇన్నేళ్లు చూస్తూ ఊరుకుని ఇప్పుడు వెనకటి డబ్బు అడిగితే ఎలా అంటూనే, ఇక ముందు అమ్మకాల మీద ఆంక్ష కోరే దారి మూసుకుపోలేదని 1982లో అప్పీలు కోర్టు చెప్పింది. కింది కోర్టు మళ్లీ విచారించి చాంపియన్ వైపే మొగ్గింది. కొనేవాడికి కావలసింది పిట్స్‌బర్గ్ పేరున్న చొక్కా, దాన్ని యూనివర్సిటీయే తయారు చేయించిందని వాడు భ్రమపడటం లేదన్నది ఆ తీర్పు సారాంశం. చివరికి ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

రంగుకూ రాయల్టీ

పద్ధతి ఇలా నడుస్తుంది. చొక్కా తయారుచేసే కంపెనీ ముందు లైసెన్సు తీసుకోవాలి. ప్రతి డిజైనూ యూనివర్సిటీకి పంపి ఒప్పించుకోవాలి. లోగో సాగదీయకూడదు, రంగు ఒక్క ఛాయ కూడా మారకూడదు. టోకు ధర మీద రాయల్టీ చాలాచోట్ల పది శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ముప్ఫై డాలర్లకు కొన్న చొక్కా టోకున పదిహేనుకు పడిందనుకుంటే, యూనివర్సిటీకి చేరేది డాలరున్నర. దాన్ని కొన్నిచోట్ల స్కాలర్‌షిప్పులకు, కొన్నిచోట్ల క్రీడా విభాగానికి వాడతారు. అసలైన సరుకని చెప్పడానికి ట్యాగు మీద మెరిసే హోలోగ్రామ్ అంటిస్తారు.

ఈ నిబంధన మన పిల్లలకూ తగులుతుంది. అక్కడి తెలుగు విద్యార్థుల సంఘం ఉగాది వేడుకకు చొక్కాలు వేయించుకుని వాటి మీద యూనివర్సిటీ పేరు కావాలనుకుంటే, చాలా క్యాంపస్‌లలో ముందుగా డిజైన్‌కు అనుమతి తీసుకోవాలి, లైసెన్సున్న ప్రింటరు దగ్గరే అచ్చువేయించాలి. ఊళ్లో చవగ్గా వేసిచ్చేవాడు పనికిరాడు.

హక్కు ఎంతదాకా సాగింది? స్మాక్ అపారెల్ అనే ఫ్లోరిడా కంపెనీ యూనివర్సిటీ పేరు గానీ లోగో గానీ వాడలేదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) ఊదా, బంగారు రంగులతో, ఆడిన మ్యాచ్‌ల ప్రస్తావనలతో చొక్కాలు వేసింది. ఆ రంగులు, ఆ మాటలు కలిస్తే అది ఎల్‌ఎస్‌యూ ముద్రేనని 2008లో అప్పీలు కోర్టు తేల్చింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఇంకా ముందుకెళ్లింది. తన పేరుకు ముందుండే ‘ది’ అన్న మాటను టీషర్టులకు, టోపీలకు ట్రేడ్‌మార్కుగా 2022లో నమోదు చేయించుకుంది. అంతకు ముందు అదే మాట కోసం దరఖాస్తు పెట్టుకున్న మార్క్ జేకబ్స్ ఫ్యాషన్ సంస్థతో సర్దుబాటు చేసుకోవలసి వచ్చింది కూడా.

ఎదురు ప్రశ్నలూ లేకపోలేదు. పాత బొమ్మలను, పాత లోగోలను చొక్కాల మీద అచ్చువేసి ఆన్‌లైన్‌లో అమ్మే వింటేజ్ బ్రాండ్ మీద పెన్ స్టేట్ యూనివర్సిటీ 2021లో దావా వేసింది. విచారించిన జడ్జి మాథ్యూ బ్రాన్ ఈ లైసెన్సు వ్యవస్థ పునాదినే ప్రశ్నించారు. ట్రేడ్‌మార్కు చట్టం ఉన్నది కొనేవాడు మోసపోకుండా చూడటానికి. అభిమానంతో పేరు తగిలించుకునేవాడు ఎక్కడ మోసపోతున్నాడు? అయినా 2024 నవంబరులో జ్యూరీ పెన్ స్టేట్ వైపే నిలిచింది.

జడ్జి అడిగినది న్యాయమైన ప్రశ్నే అని నా నమ్మకం. యూనివర్సిటీకి పేరు తెచ్చింది దాని ట్రేడ్‌మార్కు ఆఫీసు కాదు. పాఠం చెప్పినవాళ్లు, చదివినవాళ్లు, మైదానంలో ఆడినవాళ్లు కలిసి తెచ్చారు. అందరూ కూడబెట్టిన దాన్ని ఒక సంస్థ తన పేర పట్టా చేసుకుంటున్నప్పుడు, దానికి తగ్గ బాధ్యత కూడా తలకెత్తుకోవాలి. ఆ బాధ్యత ఏమిటో అమెరికా యూనివర్సిటీలకు వాళ్ల విద్యార్థులే నేర్పారు.

‘ఎక్కడ కుట్టారో చెప్పండి’

1990ల చివర్లో మాట మొదలైంది. మా యూనివర్సిటీ పేరున్న టోపీ ఏ దేశంలో, ఏ షెడ్డులో, ఎంత కూలికి కుట్టారు? పేరు వాడుకోవడానికి అనుమతి ఇచ్చేది మీరే కదా, షరతు పెట్టడానికి అడ్డేమిటి? ఈ తర్కానికి జవాబు లేదు. 1998లో డ్యూక్ యూనివర్సిటీ లైసెన్సు కంపెనీలకు ప్రవర్తనా నియమావళి ప్రకటించింది. కానీ కర్మాగారాల చిరునామాలు బయటపెట్టాలన్న మాట అందులో గట్టిగా లేదని 1999 జనవరిలో అక్కడి విద్యార్థులు పరిపాలనా భవనంలో బైఠాయించారు. జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ విద్యార్థులూ అదే బాట పట్టారు. ఫ్యాక్టరీ పేర్లు వ్యాపార రహస్యం అంటూ వచ్చిన నైకీ, ఆ ఏడాదే కాలేజీ సరుకు తయారయ్యే ఫ్యాక్టరీల వివరాలు కొన్నిటిని బయటపెట్టింది. 2005 నాటికి తన సరఫరా ఫ్యాక్టరీల జాబితా మొత్తం ప్రకటించింది.

2000లో వర్కర్ రైట్స్ కన్సార్టియం పుట్టింది. కంపెనీల డబ్బుతో కాకుండా యూనివర్సిటీల చందాతో, ఫ్యాక్టరీ బయట కార్మికులతో మాట్లాడి నిజం రాబట్టే సంస్థ ఇది. అందులో ఒరెగాన్ యూనివర్సిటీ చేరగానే, అక్కడి పూర్వ విద్యార్థి, నైకీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఇక తన విరాళాలు ఉండవన్నారు. స్టేడియానికి ఇస్తారనుకున్న దాదాపు 3 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. తర్వాత ఒరెగాన్ ఆ సంస్థ నుంచి తప్పుకుంది, విరాళాలు మళ్లీ మొదలయ్యాయి. నియమావళి రాయడం ఎంత తేలికో, దాన్ని పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఒరెగాన్ చూపించింది.

నిలబడ్డవాళ్లూ ఉన్నారు. హోండురస్‌లోని చోలోమాలో యూనివర్సిటీల లైసెన్సున్న రసెల్ అనే దుస్తుల కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి, దాదాపు 1,200 మంది కార్మికులతో నడిచేది. వాళ్లు యూనియన్ పెట్టుకుని కూలి బేరం మొదలుపెట్టారు. 2009 జనవరిలో ఫ్యాక్టరీ మూసేశారు. గిరాకీ తగ్గిందని కంపెనీ అంది. యూనియన్ మీద కక్ష ఒక ముఖ్య కారణమని కన్సార్టియం నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి జరిగిన పోరాటం అమెరికా క్యాంపస్‌ల చరిత్రలో మరిచిపోకూడనిది. హోండురస్ కార్మికులే క్యాంపస్‌లకు వచ్చి మాట్లాడారు. విద్యార్థులు క్రీడా దుకాణాల్లో కరపత్రాలు పంచారు, బాస్కెట్‌బాల్ ఫైనల్స్ బయట నిలబడ్డారు. రసెల్ మాతృసంస్థకు యజమాని వారెన్ బఫెట్ కంపెనీ కావడంతో ఒమాహాలో ఆయన ఇంటి తలుపూ తట్టారు. హార్వర్డ్, మిషిగన్, డ్యూక్, కార్నెల్ సహా వంద దాకా యూనివర్సిటీలు రసెల్‌తో ఒప్పందాలు తెంచుకున్నాయి. 2009 నవంబరులో కంపెనీ దిగివచ్చింది. కొత్త ఫ్యాక్టరీ తెరిచి, పాతవాళ్లందరికీ పని ఇచ్చి, యూనియన్‌కు అడ్డురామని ఒప్పుకుంది. 1,200 కుటుంబాల కూడు నిలిచింది.

మరుసటి ఏడాది నైట్స్ అపారెల్ అనే కంపెనీ డొమినికన్ రిపబ్లిక్‌లో ఆల్టా గ్రేషియా ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడి చట్టం చెప్పిన కనీస వేతనానికి మూడు రెట్లకు పైగా జీతం, యూనియన్ హక్కు, అమ్మేది కాలేజీ చొక్కాలే. అంత జీతం ఇచ్చినందుకు చొక్కాకు పెరిగిన ఖర్చు 80 సెంట్లని కంపెనీ అధిపతి చెప్పారు. పైన చూసిన డాలరున్నర రాయల్టీ పక్కన ఈ 80 సెంట్లు పెట్టి చూడండి. ఒక మనిషి పిల్లల్ని బడికి పంపడానికీ, పంపలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా లోగో అద్దె కన్నా తక్కువ.

గార్మెంట్స్‌కు పోయే ఆడవాళ్లు

ఇది ఏ హోండురస్ సంగతో అనుకుంటే పొరపాటు. అనంతపురం, హిందూపురం వైపు పల్లెల నుంచి వానల్లేక బెంగళూరు చేరిన ఆడవాళ్లు ‘గార్మెంట్స్‌కు పోతున్నా’ అంటారు. గంటకిన్ని పీసులని టార్గెట్, అందకపోతే సూపర్‌వైజరు తిట్లు, నీళ్లు తాగడానికి లేవాలన్నా జంకు. 2018 ఏప్రిల్‌లో బెంగళూరులో అమెరికా యూనివర్సిటీల లైసెన్సున్న బ్రాండుకు బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో, జీతం పెంచమని, తాగడానికి మంచినీళ్లు ఇమ్మని అర్జీ పెట్టిన కార్మికుల మీద దాడి జరిగింది. కులం పేరుతో దూషించారని కూడా కన్సార్టియం నివేదిక చెప్పింది. 15 మందిని పనికి రానివ్వలేదు. యూనివర్సిటీల నుంచి, బ్రాండ్ల నుంచి ఒత్తిడి వచ్చాక వాళ్లను తిరిగి చేర్చుకున్నారు, యూనియన్‌తో కూర్చుని మాట్లాడారు.

మంచినీళ్లడిగిన మనిషికి తిరిగి ఉద్యోగం రావడంలో సముద్రాల అవతలి యూనివర్సిటీ లైసెన్సు కాగితం ఒక ఆసరా అయింది. నా దృష్టిలో ట్రేడ్‌మార్కు హక్కుకు ఇంతకన్నా మంచి సమర్థన లేదు.

మన దగ్గర

ఉస్మానియా 2017లో శతాబ్ది జరుపుకుంది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి 2026తో నూరేళ్లు. ప్రతి బ్యాచ్ వీడ్కోలుకు, ప్రతి పూర్వ విద్యార్థుల కలయికకు యూనివర్సిటీ ముద్రతో చొక్కాలు పడుతూనే ఉన్నాయి. ఎవరు కుట్టారో, ఎవరికెంత మిగిలిందో అడిగేవాళ్లు లేరు. 1999 నాటి మన ట్రేడ్‌మార్కుల చట్టంలో లైసెన్సుకు కావలసిన దారి అంతా ఉంది. నిధులు లేక హాస్టల్ మెస్సుల దగ్గరే ఇబ్బంది పడే మన యూనివర్సిటీలకు ఈ ఆదాయం చేదు కాదు.

అయితే అమెరికా ముప్ఫై ఏళ్లలో కింద పడి లేచి నేర్చుకున్నది మనం మొదటి రోజే రాసుకోవచ్చు. విద్యార్థులు తమ ఫెస్టుకో, వీడ్కోలుకో వేయించుకునే చొక్కా మీద రాయల్టీ అడగకూడదు, ఆ పేరులో వాళ్లకూ వాటా ఉంది. బజారులో అమ్మే సరుకు మీద వచ్చిన సొమ్ము స్కాలర్‌షిప్పులకే పోవాలి, ఏటా ఆ లెక్క నోటీసు బోర్డు మీద కనిపించాలి. స్నాతకోత్సవ ఉత్తరీయాలు పోచంపల్లి, మంగళగిరి చేనేత సంఘాల నుంచే కొనాలి. టీషర్టు అయితే కుట్టే ఫ్యాక్టరీ పేరు, చిరునామా, అక్కడి వేతనం, పీఎఫ్ వివరాలు ఒప్పందంలోనే ఉండాలి, తనిఖీకి విద్యార్థి ప్రతినిధి కూడా వెళ్లాలి. ఆంధ్రా యూనివర్సిటీ నూరేళ్ల చొక్కా బయటికి వస్తే, దాని లేబుల్ మీద విశాఖపట్నం పక్కనే కుట్టిన ఊరి పేరు కూడా అచ్చయి ఉండాలి.