తాళంచెవి ఊళ్లో... కోట ఎక్కడో!

నల్లటి తెర. ఓ మూల మిణుకుమిణుకుమంటూ చిన్న గీత. మౌసుతో పనిలేదు, రంగురంగుల బొమ్మల్లేవు. అబ్బాయి ఓ లైను టైపు చేసి ఎంటర్ నొక్కుతాడు. అంతే... వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న కంప్యూటర్లు 'చిత్తం' అంటాయి! 2020 లాక్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సొంతూళ్లకు చేరినప్పటి నుంచీ చాలామంది అమ్మానాన్నలు చూస్తున్నదే ఇది. ఇంతకీ ఆ తెరమీద జరిగేదేంటి? పిల్లలు అంత జాగ్రత్తగా టైపు చేసే ఆ లైను వెనక కథేంటి?

పెట్టెలెన్నో... సరంగు ఒక్కడే

కంటైనర్ అనగానే ఓడరేవులో కనిపించే ఇనుప పెట్టెలు గుర్తొస్తాయి. 1956లో అమెరికాకు చెందిన మాల్కం మెక్‌లీన్ 58 పెట్టెల్ని ఓడకెక్కించి న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు పంపాడు. పెట్టె విప్పకుండానే సరుకు లారీ నుంచి ఓడకు, ఓడ నుంచి లారీకి మారిపోయే పద్ధతి అలా ఊపందుకుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే సూత్రం. ఓ ప్రోగ్రాము పనిచేయడానికి కావలసిన సరంజామా అంతా ఒకే మూటగా కట్టేస్తే దాన్ని ఏ కంప్యూటర్ మీదైనా దించి నడపొచ్చు. ఆ మూటే కంటైనర్. 2013లో వచ్చిన 'డాకర్' ఈ పద్ధతిని ఇంటింటి మాట చేసింది. మరి ఇలాంటి మూటలు వందలు, వేలు ఉంటే? ఏది ఏ కంప్యూటర్ మీద నడవాలి, ఒకటి ఆగిపోతే దాని బదులు మరొకటి ఎలా లేవాలి... ఇదంతా చూసుకునేందుకు 2014లో గూగుల్ 'కుబర్నెటిస్'ను బయటపెట్టింది. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం చుక్కాని పట్టేవాడు, అంటే మన సరంగన్నమాట. ఆ సరంగు చెప్పినట్టు కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపే క్లస్టర్.

రెడ్‌హ్యాట్ కంపెనీ తయారుచేసిన 'ఓపెన్‌షిఫ్ట్' ఈ కుబర్నెటిస్ మీదే నడుస్తుంది. ఆ రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2018లో ప్రకటించింది, 2019 జులైలో కొనుగోలు పూర్తయింది. ఆ బేరం వెనకున్న ముఖ్యుడు మన పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టిన అరవింద్ కృష్ణ. 2020 ఏప్రిల్‌లో ఆయనే ఐబీఎం సీఈఓ అయ్యారు.

గేటు ఎవరెత్తాలి?

నెల్లూరు జిల్లా అనంతసాగరం మండలంలో, పెన్నానది మీద సోమశిల జలాశయం ఉంది. నిండితే 78 టీఎంసీల నీరు. అంత నీటిని ఆపే గేట్లను దారినపోయేవాళ్లు ఎత్తేస్తామంటే కుదురుతుందా? ఎవరు నువ్వు, గేటెత్తే అధికారం నీకుందా అని అడగాలి. ఎవరు ఎప్పుడెత్తారో పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. క్లస్టర్ వాకిట్లో జరిగేదీ సరిగ్గా ఇదే.

ఓపెన్‌షిఫ్ట్‌లోకి వెళ్లాలంటే 'ఓసీ లాగిన్' అని కొట్టి, పక్కన సర్వర్ చిరునామా ఇవ్వాలి. అది పేరు అడుగుతుంది, తర్వాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్క కూడా కనిపించదు. కొత్తవాళ్లు కీబోర్డు పాడైందేమోనని కంగారుపడతారు. పక్కనున్నవాళ్లు కనీసం అక్షరాలు ఎన్నో కూడా లెక్కపెట్టకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు!

ఒక్కోసారి మధ్యలో ఓ హెచ్చరిక వస్తుంది. 'ఈ సర్వర్ చూపిస్తున్న ధ్రువపత్రం ఎవరిచ్చిందో తెలియదు, అయినా వెళ్తారా?' అని దాని సారాంశం. తొందరలో చాలామంది 'వై' కొట్టేస్తారు. అసలు చిక్కంతా అక్కడే. మనం ఎవరమో సర్వర్‌కు రుజువు చేసుకోవడం ఎంత ముఖ్యమో, అది అసలు సర్వరేనని మనం తేల్చుకోవడమూ అంతే ముఖ్యం. వేషం కట్టిన సర్వర్‌కు పాస్‌వర్డ్ చెప్పడమంటే దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమే. కంపెనీ నుంచి సరైన ధ్రువపత్రం ఫైలు అడిగి తెచ్చుకోవాలి.

నేనెవరు?

లోపలికి వెళ్లగానే సర్వర్ ఓ టోకెన్ ఇస్తుంది. దర్శనం టికెట్ లాగే దీనికీ గడువుంటుంది. కంపెనీ మార్చుకోకపోతే ఇరవైనాలుగు గంటలు. అప్పటిదాకా మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. ఆ టోకెన్ మన కంప్యూటర్లోనే ఓ చిన్న ఫైల్లో ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే క్లస్టర్ దృష్టిలో వాళ్లే మనం!

'ఓసీ హూ యామ్ ఐ' అని మరో ఆదేశం ఉంది. నేనెవరు అని! రమణ మహర్షి అడగమన్న ప్రశ్నే కానీ, ఇక్కడ జవాబు క్షణంలో వస్తుంది. ప్రయోగాలకు ఒక క్లస్టర్, ఖాతాదార్లు వాడేది మరొకటి ఉన్నచోట ఏదైనా చెరిపేముందు ఎవరి పేరుతో, ఏ సర్వర్లో ఉన్నామో చూసుకోవడం మంచి అలవాటు. అధికారాలూ అందరికీ ఒకటే ఉండవు. కొందరికి చూసే హక్కే, కొందరికి తమ ప్రాజెక్టులో మార్పులు చేసే హక్కు. మొత్తం క్లస్టర్ మీద పెత్తనం కొద్దిమందికే.

నిర్లక్ష్యం ఖరీదు

1995లో ఫిన్లాండ్‌లోని ఓ యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగింది. అప్పట్లో దూరపు కంప్యూటర్లోకి వెళ్లే 'టెల్నెట్'లో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా ప్రయాణించేది. దాంతో అక్కడి టాటు యులోనెన్ మాటల్ని గుప్తంగా పంపే 'ఎస్ఎస్‌హెచ్' తయారుచేశాడు. దూరపు సర్వర్లలోకి వెళ్లేందుకు ఇంజినీర్లు ఈనాటికీ దాన్నే వాడుతున్నారు.

పద్ధతులెన్ని వచ్చినా తలుపు తెరిచిపెడితే ఎవరేం చేస్తారు? 2018లో కార్ల కంపెనీ టెస్లాకు చెందిన కుబర్నెటిస్ పెత్తనం పేజీకి పాస్‌వర్డే లేదని రెడ్‌లాక్ అనే భద్రతా సంస్థ కనిపెట్టింది. అప్పటికే దొంగలు లోపల చేరి, టెస్లా కంప్యూటర్ల మీద క్రిప్టో కరెన్సీ తవ్వుకుంటున్నారు. అద్దె టెస్లాది, రాబడి దొంగలది!

ఇంట్లో పాటించాల్సినవి

* పాస్‌వర్డ్‌ను ఆదేశంతోపాటు అదే లైనులో కొట్టకూడదు. కంప్యూటర్ పాత ఆదేశాలను గుర్తుపెట్టుకుంటుంది. ఆ జాబితాలో పాస్‌వర్డ్ కూడా ఉండిపోతుంది.
* టోకెన్ కనిపించే తెర ఫొటోను సాయం కోసమైనా సరే, వాట్సాప్‌లో పంపకూడదు.
* పని అయ్యాక 'ఓసీ లాగౌట్' కొట్టాలి. దాంతో టోకెన్ చెల్లకుండా పోతుంది.
* ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పిల్లలు ఆటలాడకుండా చూడాలి.

అనంతసాగరంలో కూర్చున్నా, అమెరికాలో కూర్చున్నా క్లస్టర్‌కు ఒకటే. దానికి మన ఊరు తెలియదు, చదువు తెలియదు. మన చేతిలోని తాళంచెవి ఒక్కటే తెలుసు. ఆ చెవితో ఎవరేం చేసినా పుస్తకంలో పడేది మన పేరే. అందుకే ఈసారి అబ్బాయి ఆ నల్లటి తెర ముందు కూర్చుని 'ఒక్క నిమిషం ఆగమ్మా' అంటే... ఆగండి!