పోలీసు కుక్క ఆగిన చోటే నిజం ఉంటదా?

మా మోస్రా దిక్కు ఎవరన్నా కనపడకుండా పోతే ముందు వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో తిరుగుతది. తర్వాత పోలీసు కుక్క వస్తది. అది ఎవరింటి ముందు ఆగితే వాళ్ల పని అయిపోయినట్టే, సాయంత్రానికి వీడియో జిల్లా అంతా పోతది. ఆ ఆగడాన్ని ఎంతవరకు నమ్మాలో ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

మన ఒంటి మీంచి నిమిషానికి వేల కొద్దీ చర్మ కణాలు రాలుతుంటాయి. కుక్క పట్టేది వాటి వాసననే. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు 50, 60 లక్షలు ఉంటే కుక్కకు 20 కోట్ల పైనే. అంటే హార్డ్‌వేర్‌కు వంక పెట్టలేం. తిప్పలంతా డేటాతోనే. వాసన మనిషి నడిచిన గీత మీదనే ఉండదు, గాలికి పక్కకు జరిగి గోడల మూలల్లో, గుంతల్లో పేరుకుంటది. చెరుకు తోట లోపల తేమ ఉంటది, గాలి పెద్దగా ఆడదు, కాబట్టి కొంతసేపు నిలుస్తది. అదే మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద తొందరగా పోతది. మనిషి బండెక్కి పోయిండంటే దారి అక్కడే తెగొచ్చు. అప్పుడు కుక్క ఆగిందంటే "ఇక్కడున్నడు" అని కాదు, "నాకు ఇక్కడిదాకనే దొరికింది" అని కూడా కావచ్చు.

ఇంకో రకం కుక్కలున్నాయి. వాటికి ఫలానా మనిషి బట్ట వాసన చూపించే పని లేదు, మనిషి మృతదేహం వాసన ఎక్కడున్నా పడతాయి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం, దాదాపు 14 కిలోమీటర్ల లోపల కూలింది. 8 మంది చిక్కుకున్నరు. బురద, నీళ్లు, విరిగిన బోరింగ్ మెషిన్ ముక్కలు. కేరళ పోలీసుల నుంచి మాయ, మర్ఫీ అనే కుక్కలను తెచ్చిన్రు. అవి అనుమానపు చోట్లు చూపించినయి, అక్కడ తవ్వకాలు జరిగినయి. మార్చి 9న ఒక మృతదేహం, 25న ఇంకొకటి బయటికొచ్చింది. మిగతా ఆరుగురి కోసం చేసిన వెతుకులాటను ఆఖరికి ఆపాల్సొచ్చింది. దీన్ని నేను కుక్కల ఫెయిల్యూర్ అనను. ముక్కు చోటు చూపిస్తది, టన్నుల కొద్దీ బురద తీయడం మనుషుల పని. పైగా నీళ్లు పారే చోట వాసన పైకి తేలేది ఒక దగ్గర, శవం ఇంకో దగ్గర ఉండొచ్చు.

ఇంకో చిక్కు తాడు పట్టుకున్న మనిషితోనే. 2011లో అమెరికాలో ఒక ప్రయోగం చేసిన్రు. డ్రగ్స్, పేలుడు పదార్థాలు పట్టే 18 కుక్కలను, వాటి హ్యాండ్లర్లను ఒక చర్చిలోకి పంపిన్రు. లోపల ఏ వాసనా పెట్టలేదు. కానీ ఎర్ర కాగితం ఉంటే అక్కడ వాసన ఉన్నట్టేనని హ్యాండ్లర్లకు ముందే చెప్పిన్రు. 144 సార్లు వెతికితే తప్పు అలర్టు ఒక్కటీ లేకుండా నడిచినవి 21 మాత్రమే. హ్యాండ్లర్ మనసులో అనుమానం ఉంటే అడుగు నెమ్మదిస్తది, చూపు అటే పోతది. కుక్క దాన్ని చదువుతది. లేదా కుక్క ఏమీ చెప్పకపోయినా హ్యాండ్లర్‌కే చెప్పినట్టు అనిపిస్తది. టెస్టర్‌కు రిజల్ట్ ముందే తెలిస్తే టెస్ట్‌కు విలువేముంది చెప్పండి?

మన కోర్టులు కూడా ఈ లైన్‌లోనే ఉన్నయి. ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన ఒక హత్య కేసులో 2001లో సుప్రీంకోర్టు దీన్ని చర్చించింది. కుక్క బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు, దాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయలేం, కుక్కో హ్యాండ్లరో పొరపడే అవకాశం ఉందన్న అభ్యంతరాలను చూసింది. దర్యాప్తుకు వాడుకోవచ్చు గానీ, సాక్ష్యంగా దానికి పెద్ద బరువు ఇవ్వక్కర్లేదని చెప్పింది. కోర్టే అంత జాగ్రత్త పడితే, మనం స్టేటస్‌లో పక్కింటోళ్ల పేరు ఎట్ల పెడతం?

ఇంట్లో ఎవరైనా తప్పిపోతే 24 గంటలు ఆగాలన్న రూల్ ఏదీ లేదు. వెంటనే 100కో 112కో ఫోన్ కొట్టండి. వాళ్లు విడిచిన బట్టలు, దిండు గలేబు, చెప్పులు చేతులతో ముట్టుకోకండి. ఉతికిన బట్ట ఇస్తే పెద్దగా ఉపయోగముండదు. చివరిసారి కనపడిన చోట జనం తొక్కకుండా ఒక తాడు కట్టండి. కుక్క వచ్చినప్పుడు వెనకాల బండ్లేసుకుని, వీడియో తీసుకుంటూ పోకండి. మీ వాసన కూడా ఆ దారిలో కలుస్తది.