రేసు డ్రైవరు చేసిన చలానా పెట్టె

1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది మారిస్ గాట్సోనిడెస్ అనే డచ్చి డ్రైవరు. కారు ఫోర్డ్ జెఫిర్. అతను 1911లో, అప్పటికి డచ్చివాళ్ల వలసగా ఉన్న జావా దీవిలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 'గాట్సో' అని తన పేరుతోనే కార్లు తయారుచేసి అమ్మాలని చూశాడు. ఆ వ్యాపారం నిలవలేదు. పేరు మాత్రం నిలిచింది, అదీ కార్ల వాళ్లు తిట్టుకునే ఒక పెట్టె మీద.

ఆ పెట్టెను అతను ఎవరినీ పట్టుకోవడానికి చేయలేదు. తాను ఇంకా జోరుగా నడపడానికి చేసుకున్నాడు. మలుపులోకి ఎంత వేగంతో దిగాను, ఎంత వేగంతో బయటికి వచ్చాను అన్నది రేసు డ్రైవరుకు ప్రాణం లాంటి లెక్క. మలుపులో ఉన్నవాడికి స్పీడోమీటరు వంక చూసే తీరిక ఉండదు, చూసినా ఆ ముల్లు చెప్పేది ఉజ్జాయింపే. అందుకని రోడ్డుకు అడ్డంగా, కాస్త ఎడంగా రెండు రబ్బరు గొట్టాలు పరిచాడు. చక్రం మొదటి గొట్టాన్ని తొక్కగానే లోపలి గాలి ఒత్తిడికి స్టాప్‌వాచ్ మొదలవుతుంది, రెండోదాన్ని తొక్కగానే ఆగుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. ఆరో తరగతి లెక్కే. మలుపులో ఎక్కడ సెకను పోతోందో ఆ లెక్కే అతనికి చెప్పింది. 1958లో గాట్సోమీటర్ అనే కంపెనీ పెట్టాడు. కొనడానికి ముందుకొచ్చింది రేసు డ్రైవర్లు కాదు, పోలీసులు.

పోలీసులకు అలాంటిది కావాలన్న ఆరాటం అప్పటికి అరవై ఏళ్ల నాటిది. 1896లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 2 మైళ్లే పోవలసిన చోట 8 మైళ్ల వేగంతో పోయాడు. ఒక కానిస్టేబులు సైకిలు మీద వెంటపడి పట్టుకున్నాడు. కోర్టు ఒక షిల్లింగు జుల్మానా వేసింది. అదే ఏడాది ఆగస్టులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిజెట్ డ్రిస్కాల్ అనే ఆవిడను ఒక మోటారు బండి ఢీకొట్టి చంపింది. కారు కింద పడి పోయినవాళ్ల తొలి లెక్కల్లో ఆవిడ పేరు ఉంటుంది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణ జరిపిన అధికారి ఆశపడ్డాడట.

తర్వాత కానిస్టేబుళ్లు స్టాప్‌వాచీలు పట్టుకుని పొదల చాటున కూర్చోవడం మొదలుపెట్టారు. దానికి విరుగుడుగా 1905లో బ్రిటన్ కార్ల యజమానులు ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. సంఘం మనిషి సైకిలు మీద తిరుగుతూ సభ్యుల కార్లకు సెల్యూట్ కొట్టేవాడు. ఒకవేళ కొట్టలేదంటే ముందు పోలీసులు కాపు కాశారని అర్థం. మన హైవే మీద ఎదురుగా వచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు లైటు కొట్టి చేసే సాయం ఇదే. వేగాన్ని కొలిచే తెలివి ఎప్పుడు పుట్టిందో, దాన్ని తప్పించుకునే ఐకమత్యమూ అప్పుడే పుట్టింది.

గొట్టాల పద్ధతిలో ఒక లోటుంది. బండి వేగం తెలుస్తుంది కానీ అది ఎవరి బండో పోలీసు కంటితో చూసి చెప్పాల్సిందే. 1960ల్లో గాట్సోమీటరుకు ఫ్లాష్ కెమెరా తోడయింది. 1971లో కంపెనీ గొట్టాలు వదిలి రాడార్ పట్టుకుంది. రాడార్‌తో వేగం కొలవడం గాట్సోనిడెస్ కనిపెట్టింది కాదు, అమెరికాలో కనెక్టికట్ పోలీసులు 1940ల చివర్లోనే వాడి చూశారు. కెమెరాకూ రాడార్‌కూ ముడిపెట్టి, మనిషి కాపలా అక్కర్లేని పెట్టెగా అమ్మడం గాట్సో వాళ్ల పనితనం.

రాడార్‌లోని సూత్రం 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పింది. దగ్గరికి వచ్చే రైలు కూత సన్నగా, దాటి వెళ్లిపోయే రైలు కూత బొంగురుగా వినిపించడానికి కారణం అదే. మూడేళ్ల తర్వాత బాయిస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త ఉట్రెక్ట్ దగ్గర బాకా ఊదేవాళ్లను రైలెక్కించి, సంగీతం తెలిసినవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి మరీ దీన్ని పరీక్షించాడు. రాడార్‌లో బాకా బదులు రేడియో తరంగం ఉంటుంది. సెకనుకు దాదాపు 2,400 కోట్ల సార్లు కంపించే తరంగం కారుకు తగిలి తిరిగి వస్తుంది. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తుంటే తిరిగొచ్చే తరంగంలో ఆ లెక్క సుమారు 3,200 పెరుగుతుంది. 2,400 కోట్లలో 3,200! ఆ కాస్త తేడాను పట్టుకోవడమే యంత్రం పని.

అయినా కోర్టు రాడార్ మాట ఒక్కటే ఎందుకు నమ్మాలి? అందుకే గాట్సో అర సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తుంది. రోడ్డు మీద ముందే గీసిన తెల్ల గీతలను బట్టి ఆ అర సెకనులో బండి ఎంత జరిగిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. గంటకు 72 కిలోమీటర్లంటే అర సెకనులో 10 మీటర్లు. రబ్బరు గొట్టాలు సున్నపు గీతలై తిరిగొచ్చాయన్న మాట. తన పెట్టెకు తానే చిక్కి జరిమానాలు కట్టానని గాట్సోనిడెస్ చెప్పుకునేవాడు. వేగంగా నడపడమంటే తనకు ఇష్టమనీ దాచుకోలేదు. 1998లో పోయాడు.

మన రోడ్ల మీద పోలీసులు ముక్కాలి పీట మీద పెట్టే లేజర్ గన్ ఈ కుటుంబంలో చిన్నది. అది కాంతి తునకలను వదిలి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలం కొలుస్తుంది. 300 మీటర్ల దూరంలోని కారును తాకి తిరిగి రావడానికి కాంతికి సెకనులో 5 లక్షల వంతులో ఒక వంతు చాలు. అలాంటి కొలతలు వెంటవెంటనే వందలు తీస్తే కారు ఎంత దగ్గరైందో, అంటే ఎంత వేగంతో వస్తోందో తెలిసిపోతుంది. గన్ను రోడ్డుకు పక్కగా, ఓరగా ఉంటే వచ్చే అంకె అసలు వేగం కన్నా కొంచెం తక్కువే అవుతుంది. ఆ తప్పు డ్రైవరుకు లాభించే తప్పు. చలానా పడ్డప్పుడు గన్ను ఎక్కువ చూపించిందని గొడవపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఇంత హంగామా ఒక్క అంకె కోసం ఎందుకంటారా? ఒక లెక్క వేద్దాం. రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయి, ఒకటి 60లో, ఇంకొకటి 80లో. ఎదురుగా ఎవరో రోడ్డు దాటుతున్నారు. ఇద్దరు డ్రైవర్లకూ కాలు బ్రేకు మీదికి రావడానికి సెకనున్నర పట్టిందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, రెండు కార్లకూ బ్రేకులు బాగానే ఉన్నాయి. 60లో వచ్చిన కారు సుమారు 45 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా అది ఆగిన చోటికి రెండో కారు వచ్చేసరికి దాని వేగం ఎంత? చాలామంది 20 అంటారు, తేడా అంతే కదా అని. జవాబు దాదాపు 65. ఆలోచించే ఆ సెకనున్నరలోనే అది 33 మీటర్లు మింగేసింది, బ్రేకుకు మిగిలింది 12 మీటర్లు. దెబ్బలో ఉండే శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒక కారు ముందు మనిషి బతికి ఉంటాడు, ఇంకో కారు ముందు బతకడం కష్టం. స్వీడన్‌లో యోరాన్ నిల్సన్ చాలా రోడ్ల లెక్కలు తీసి ఒక సూత్రం చెప్పాడు: ఒక రోడ్డు మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయి.

దీనికి ఒక దేశమంతా అనుకోకుండా ప్రయోగశాల అయింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ అమెరికా అంతటా గంటకు 55 మైళ్లకు మించకూడదన్న చట్టం మీద సంతకం చేశాడు. ఉద్దేశం పెట్రోలు ఆదా. 1973లో అక్కడి రోడ్ల మీద 54,000 మందికి పైగా పోయారు, 1974లో 45,000 చిల్లర. జనం బండ్లు తక్కువ తీశారన్నదీ నిజమే, మొత్తం ఘనత పరిమితికే ఇవ్వలేం. 1995లో ఆ చట్టాన్ని ఎత్తేశారు.

కెమెరాల విషయంలోనూ ఇలాంటి పేచీ ఉంది. ప్రమాదాలు ఎక్కువైన చోటే కెమెరా పెడతారు. ఆ ఏడు యాదృచ్ఛికంగా పెరిగిన ప్రమాదాలు కెమెరా లేకపోయినా మరుసటి ఏడు తగ్గొచ్చు. ఈ చిక్కును దృష్టిలో పెట్టుకుని 2010లో కాక్రేన్ సంస్థ పలు దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను పరిశీలించింది. కెమెరాల దగ్గర మరణాలు, తీవ్ర గాయాల ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గినట్టు తేలింది. అంకెల మధ్య ఎడం ఎక్కువే, దిశ మాత్రం ఒకటే. ఫ్రాన్స్ 2003లో ఆటోమేటిక్ కెమెరాలు మొదలుపెట్టింది. తాగి నడపడం మీద తనిఖీలూ అప్పుడే బిగించింది. 2002లో 7,600కు పైగా ఉన్న మరణాలు 2006కు 4,700 అయ్యాయి. అదే ఫ్రాన్స్‌లో 2018 చివర్లో పసుపు చొక్కాల ఉద్యమం వచ్చినప్పుడు జనం సుమారు 60 శాతం కెమెరాలను పాడుచేశారు. జరిమానా కట్టినవాడికి తాను కట్టానని తెలుసు. కెమెరా వల్ల బతికినవాడికి తాను బతికానని తెలియదు, వాడు ఉద్యమం చేయడు.

అసలు చిక్కు వేరే ఉంది. కెమెరా కనపడగానే మాస్టారు గుమ్మంలోకి వచ్చిన తరగతిలాగా బండ్లన్నీ బుద్ధిగా అయిపోతాయి, దాటగానే మళ్లీ మామూలే. అందుకే ఇప్పుడు సగటు వేగం కెమెరాలు వచ్చాయి. ఒక కెమెరా మొదట్లో నంబరు ప్లేటు చదువుతుంది, కొన్ని కిలోమీటర్ల అవతల ఇంకొకటి చదువుతుంది, మధ్య పట్టిన సమయంతో దూరాన్ని భాగిస్తారు. 120 పరిమితి ఉన్న చోట 10 కిలోమీటర్లు 5 నిమిషాల కన్నా ముందే దాటితే దొరికిపోయినట్టే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం అందులో 71 శాతం అతివేగం ఖాతాలోవి. నాకు ఆ శాతం మీద కాస్త అనుమానం ఉంది. మన ఎఫ్ఐఆర్‌లలో 'అతివేగంగా, అజాగ్రత్తగా' అన్నది అచ్చేసి పెట్టుకున్న మాట, రోడ్డు వంకర తప్పూ, వెలగని దీపం తప్పూ అందులోనే కలిసిపోతాయి. సగానికి కోసినా మిగిలేది చిన్న అంకె కాదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అతివేగానికి కార్లపై 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా పెట్టింది. రహదారుల మీద ఎలక్ట్రానిక్ నిఘాకూ దారి వేసింది. ఇక్కడిదాకా యంత్రం పని. తర్వాతది మనది. తెలంగాణలో పేరుకుపోయిన చలానాలు వసూలు చేసుకోవడానికి 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి రాయితీ ప్రకటించారు. రెండోసారి బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. వెంటనే కట్టినవాడు పూర్తిగా కట్టాడు, ఎగ్గొట్టినవాడు పండగ సేల్‌లో కొన్నట్టు కట్టాడు. శిక్ష ఎంత పెద్దదన్న దానికన్నా తప్పకుండా పడుతుందా లేదా అన్నదే డ్రైవరు కాలిని యాక్సిలరేటరు మీంచి తీయిస్తుంది. 2,400 కోట్లలో 3,200 తేడాను తప్పు లేకుండా పట్టుకునే యంత్రాన్ని తెచ్చుకుని, అది రాసిచ్చిన రశీదు మీద రెండేళ్లకోసారి బేరానికి దిగుతున్నాం.