కైకిలికి పోయే దారి కూడా పనిచోటే

భద్రతా శిక్షణ అనగానే మనకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, ఇనప టోపీలు, గోడలమీద రాసిన హెచ్చరికలు గుర్తుకొస్తాయి. అవన్నీ మనకు సంబంధం లేని సంగతులనుకుంటాం. కాని నల్లగొండ పక్కనున్న పానగల్ వంటి ఊళ్లలో తెల్లవారకముందే సద్ది కట్టుకుని కైకిలికి బయలుదేరే అక్కచెల్లెళ్లు ఎందరు లేరు! నాట్లు, కలుపు, పత్తి ఏరడం, మిరపకాయలు తెంపడం - ఇవి పనులు కావా? పని అన్నాక దానికీ కొన్ని జాగ్రత్తలుండాలి కదా!

పానగల్‌లో ఛాయా సోమేశ్వరుని గుడి చూడవచ్చినవాళ్లు ఉదయసముద్రం చెరువును కూడా చూసే ఉంటారు. ఇప్పుడా చెరువుకు కృష్ణ నీళ్లు తెచ్చేది ఎ.ఎం.ఆర్. ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు కాలువలోనే, పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, 2018 ఏప్రిల్ 6న మిరపతోటకు కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు పడిపోయింది. తొమ్మిదిమంది ఆడకూలీలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేనుమంది పోయారు. వారిలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. వీళ్లెవరూ చేలో కొడవలి తగిలి పోలేదు. చేను చేరకముందే పోయారు.

ఎందుకిట్లా జరుగుతుంది? ట్రాలీ చేసింది ఎరువు బస్తాలకు, వడ్లకు. అందులో కూర్చునే బల్ల ఉండదు, పట్టుకునే కడ్డీ ఉండదు. చాలా ట్రాలీలకు వేరే బ్రేకులు కూడా ఉండవు. బస్తాలు కట్టినచోట కదలకుండా ఉంటాయి. మనుషులు మలుపు వచ్చినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతారు. కాలువ కట్ట ఇరుకు, కింద నీళ్లు. "జర జరుగు వదినా, ఇంకొకతి ఎక్కుతది" అంటూ సర్దుకుని కూర్చుంటాం. ట్రాలీ తిరగబడితే బయటపడే సందు కూడా ఉండదు.

చట్టాలు లేవా అంటారా? ఉన్నాయి. తిరిగే యంత్రానికి కంచె ఉండాలనీ, నడుస్తున్న యంత్రాన్ని ఆడవాళ్లతో తుడిపించకూడదనీ 1948లో వచ్చి 2025 దాకా అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అయితే ఇటువంటి చట్టాలు ఒక గేటు, ఒక హాజరు పట్టీ ఉన్నచోటికి చేరినంత సులువుగా చేనుగట్టుకు చేరవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో వ్యవసాయపు పనుల భద్రత కోసమే ప్రత్యేకంగా ఒక ఒడంబడిక చేసింది. మనుషులను ఎక్కించడానికి తగినట్టు తయారుచేయని వ్యవసాయ యంత్రాలలో మనుషులను తీసుకుపోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అంటే పనిచోటికి పోయే దారి కూడా పనిలో భాగమేనని లోకం ఒప్పుకున్నట్టే కదా!

ఇక మనం చేయగలిగిందేమిటి? ఒక్కతి "నేనీ ట్రాలీ ఎక్కను" అంటే, "సరే, రేపటి నుంచి రాకు" అంటారు. ఆనాటి కూలి పోతుంది. ఆ భయమే అందరినీ ఎక్కిస్తుంది. అందుచేత ఈ మాట ఒక్కతి అడగవలసింది కాదు, గుంపు అడగవలసింది. కూలి ఎంతని మాట్లాడుకునేటప్పుడే బండి ఏమిటి, ఎందరు ఎక్కుతారు, కిరాయి ఎవరిది అన్నది కూడా తేల్చుకోవాలి. ఆటో అయినా సరే, పట్టేటంతమందే ఎక్కాలి. రైతుకూ ఇది మేలే. సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించి ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది, చివరకు ఆ భారం ఆయన మీదే పడుతుంది.

చేలో దిగేముందు ఇంకొక ప్రశ్న వేయాలి: "ఏం మందు కొట్టిన్రు? ఎప్పుడు కొట్టిన్రు?" పురుగుమందు డబ్బామీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్న విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు, తక్కువని మాత్రమే. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది కదా! మందు కొట్టిన వెంటనే చేలో దిగకూడదు. చేతులు సబ్బుతో కడగనిదే సద్ది ముట్టకూడదు. ఖాళీ డబ్బాలో తాగే నీళ్లు పట్టనే కూడదు. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఎండదెబ్బేనని ఊరుకోక, ఆ డబ్బా చూపిస్తూ దవాఖానకు తీసుకుపోవాలి.

శిక్షణ అంటే కాగితంమీద వేలిముద్ర వేయించుకోవడం కాదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు, అర్థమయ్యే మాటలలో, చేసి చూపించడం. అది మన మహిళా సంఘం సమావేశంలో ఒక గంట చాలు. పొదుపు లెక్కలు చూసుకున్నాక ఈ రెండు మాటలూ చెప్పుకోండి. కొత్తగా కైకిలికి వచ్చే పిల్లకు మొదటిరోజే చెప్పండి.

సాయంత్రం ఇంటికి తిరిగివస్తేనే కదా ఆ కూలి డబ్బులకు విలువ!